ఏడో సీసా పసుపుగుడ్డ

దవాఖాన రిజిస్టరులో ఒక పేరు కొట్టేసి మరో పేరు రాసింది నేనే. ఈ సంగతి నన్ను కన్న బాపుకు కూడా ఇంతవరకు చెప్పలేదు.

బాపు కొల్లాపూర్ దవాఖానలో కాంపౌండరు. పోలీసు చర్య తర్వాత, ఉర్దూలో రిజిస్టరు రాసే గుమాస్తా హైదరాబాదు వెళ్లిపోయాడు. నా తెలుగు రాత బాగుంటుందని బాపు నన్ను ఆ బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. తలెత్తకుండా చేసే పని కాబట్టి నాకూ నచ్చింది. రోగుల ఇళ్ల నుంచి వచ్చిన కఫం సీసాకు నంబరు అంటించాలి, రిజిస్టరులో ఆ నంబరు ఎదుట పేరు రాయాలి, సీసాలను ఊకలో సర్ది పెట్టెను మహబూబ్‌నగర్ బస్సెక్కించాలి. అక్కడ పరీక్ష చేసి, నంబర్లు మాత్రమే వేసిన చీటీ పంపేవారు. దారిలో మిలిటరీ వాళ్లు ఒకసారి పెట్టె తెరిపించారట. “ఒక్కపారి చూసిండ్రు. మళ్ల ఎవ్వడు మూత ముట్టలే,” అన్నాడు బస్సు డ్రైవరు.

ఒక పొద్దున ఇద్దరు తోటికోడళ్లు చెరో సీసా పట్టుకొచ్చారు. పెద్దామె ఇచ్చిన దానికి ఏడో నంబరు అంటించి పేరు అడిగాను. ఆమె ఒక మగమనిషి పేరు చెప్పింది, రాసుకున్నాను. చిన్నామె సీసాకు ఎనిమిది. పేరు అడిగితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. రెండోసారి అడగడానికి నాకు సిగ్గు. ఊరి పేరు మాత్రం రాసి ఊరుకున్నాను.

వారానికి చీటీ వచ్చింది, కనుక్కోవడానికి ఇద్దరూ వచ్చారు. ఏడులో క్షయ ఉంది, ఎనిమిదిలో లేదు. రిజిస్టరు చూసి ఏడో పేరు చదివాను. నెలలు నిండుతున్న చిన్నామె గోడకు ఆనుకుని అట్లాగే కూలబడింది.

“మా మరిదికి దగ్గే లేకపాయె గద బిడ్డా,” అంది పెద్దామె. “ఒక్కింట్ల ఉంటిమని భయానికి ఆయనది గూడ తెచ్చినం. దగ్గేది మా ఇంటాయన.”

మరిది! ఏ ఆడది తన మొగుడి పేరు తాను చెబుతుంది? మా అమ్మే చెప్పదు. తోటికోడలు నోరు విప్పి తన మొగుడి పేరు చెప్పదు కదా అని పెద్దామె ముందుగానే మరిది పేరు చెబితే, దాన్ని నేను పెద్దామె చేతిలోని సీసాకు అంటగట్టాను.

రిజిస్టరు కింద దాచుకున్న నా డైరీ తీశాను. ఆనాటి పేజీలో ఉంది: ఏడో సీసా మూతికి పసుపుగుడ్డ, ఎనిమిదికి గింజలు ఒలిచిన మక్కబెండు బిరడా.

“పసుపుగుడ్డ ఎవరిదక్కా?”

“నాదే,” అంది పెద్దామె.

చిన్నామె వెక్కిళ్లు ఆగాయి. పెద్దామె మాత్రం, “మా దగ్గు మాకు ఎరుకే,” అని నిట్టూర్చింది.

ఈసారి తలెత్తి ఆమె ఇంటాయన పేరు అడిగాను. ఆమె తోటికోడలి వైపు చూసింది. బావ పేరు ఆమె కూడా చెప్పకూడదు. చివరికి పెద్దామే బల్ల మీద వంగి నా చెవిలో చెప్పింది. కొట్టేసి రాశాను. మళ్లీ అన్నదమ్ములిద్దరివీ కొత్త సీసాలు పంపాను, చీటీ అదే మాట చెప్పింది.

జబ్బు ఇంకా మొదట్లోనే ఉందని డాక్టరు ఆయన్ను హైదరాబాదు దగ్గరి క్షయ దవాఖానకు పంపాడు. ఏడాది తిరిగాక ఆయన తన కాళ్ల మీద తానే నడిచి వచ్చాడు, బుగ్గలు నిండి. వెనకాల చిన్నామె, చంకలో పాప. డాక్టరు ఆయన్ను చూస్తుండగా పెద్దామె నా బల్ల దగ్గరికి వచ్చింది.

“ఇంకోపారి ఎవ్వరన్న వస్తే ముందుగాల పేరు గుంజుకో బిడ్డా, ఆ తర్వాతనే సీస అందుకో.”