మోత లేని టైర్లు

ఆ నాలుగు టైర్లూ మా ఆయన మీద పంతంతో కొన్నాను. కారు మీద ముద్దుతో కాదు, సుఖంగా తిరగాలన్న సరదాతో అంతకన్నా కాదు. అప్పటికి మా ఇంట్లో తేలాల్సిన సంగతి ఒక్కటే. ఆయన చెవులు పనిచేస్తున్నాయా, లేదా? పనిచెయ్యకపోతే కారు తాళం నా చేతికి రావాలి, ఆయన నా వెంట చెవుల డాక్టరు దగ్గరకు రావాలి.

ఆయన నాకు మేనత్త కొడుకు. పెళ్ళికి ముందూ బావే, తర్వాతా బావే. అందుకే మా మధ్య మర్యాదలు తక్కువ, మాటకు మాట ఎక్కువ. మీసాలు వచ్చీరాని వయసు నుంచి ఒక రోలింగ్ మిల్లులో పనిచేశాడు. ఎర్రగా కాలిన ఇనుప దిమ్మెల్ని రోలర్ల మధ్య నలిపి కడ్డీలుగా లాగే మిల్లు అది. దాని పేరు చెప్పను. చెప్పి దానికి గౌరవం ఇవ్వను. అది మూతపడ్డాక ఆయనకు మిగిలిన ఉద్యోగం, పెందుర్తిలో మా ఇంటి నుంచి మద్దిలపాలెంలో ఉన్న నా ఆఫీసుకు నన్ను దింపడం, సాయంత్రం ఎక్కించుకు రావడం. నాకూ లైసెన్సు ఉంది, నడపడమూ వచ్చు. తాళం ఇమ్మంటే మాత్రం, కాలో చెయ్యో కోసిమ్మన్నట్టు చూసేవాడు.

దారంతా పోట్లాటే. నేనొక మాటంటే "ఏటి?" అనేవాడు. మళ్ళీ చెబితే "ఏటంతన్నావ్?" అనేవాడు. అరిచి చెబితే "ఎందుకే అలాగ అరుత్తావ్, నాకేటి సెవుడా?" అని నా మీదే ఎగిరేవాడు. ఆఫీసు చేరేసరికి నా గొంతు బొంగురుపోయేది. అక్కడివాళ్ళు జలుబు చేసిందా అని అడిగేవారు.

చెవుడు కాదట, టైర్ల మోతట. ఆడలేక మద్దెల ఓడన్నట్టు అన్ని తప్పులూ ఆ టైర్ల మీదికే తోసేవాడు. మోత లేదని నేననను. మా కాలనీ మట్టి దాటి గరుకు సిమెంటు రోడ్డు ఎక్కగానే కారు పిండిమరలా మొదలెట్టేది. ఆ మోతలో కూడా నాకు వెనక బండ్ల హారన్లు వినిపించేవి, సెల్‌ఫోన్ వినిపించేది, ఆయన గొణుక్కునే తిట్లు కూడా వినిపించేవి. ఆయనకే ఏమీ వినిపించేది కాదు.

ఒకరోజు పోర్టు గోడ పక్క రోడ్డు మీద వస్తున్నాం. వెనక ఉక్కు చుట్టలు వేసుకున్న ట్రైలర్ ఒకటి ఊరంతా లేచేలా హారన్ కొడుతోంది. ఈయన తాపీగా కుడివైపుకు తిప్పాడు. నేను స్టీరింగ్ పట్టుకుని ఇటు లాగేశాను. ట్రైలర్ మా కుడివైపు అద్దాన్ని గీరుకుంటూ పోయి ముందు ఆగింది. డ్రైవర్ దిగొచ్చి, "ముసిలోడా, సెవుడా ఏటి నీకు?" అని మొదలెట్టి నాలుగు బూతులు తిట్టాడు. ఆ బూతులూ ఈయనకు సరిగ్గా చేరినట్టు లేవు. "టైర్ల మోతరా బాబూ" అని నవ్వాడు. ఆ నవ్వుకు నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఇంటికొచ్చాక నిలదీశాను. చెవులు చూపించుకోమన్నాను. ఆయన మిల్లులో చేసే చెవి పరీక్ష మాట తీశాడు. ఏడాదికోసారి ఎవడో ఒకడు డబ్బా పట్టుకుని మిల్లుకు వచ్చేవాడట. చెవులకు తొడుగులు పెట్టి, కూత వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమనేవాడట. "ఆడు మీట నొక్కినప్పుడు భుజం కదుల్తాది. ఆ భుజం సూసుకుని సెయ్యెత్తీడమే. నానెప్పుడూ పాసే" అని గొప్పగా చెప్పాడు. అందరూ అలాగే చేసేవారట. పరీక్ష తప్పినవాణ్ణి మిల్లు లోపలి నుంచి తీసి యార్డులో తుక్కు ఏరే పనికి పంపేవారు, జీతం కోసేవారు. మేనేజరుకు ఈ భుజం సంగతి తెలియదా? తెలుసు. అందరి చెవులూ బాగున్నాయన్న కాగితం ఆయనకూ కావాలి మరి.

"అయితే ఇను" అన్నాను. "టైర్లు మారుత్తాను. మోత నేకుండా సేత్తాను. అప్పుడూ నా మాట ఇనపడకపోతే తాళం నాది, డాక్టరు నీకు." ఆయన నా నోటి వంకే చూస్తూ విని, "ఓ! అలాగే కానీ" అన్నాడు. గెలుస్తానని ఆయనకంత నమ్మకం.

ఆఫీసులో కారున్న ప్రతివాడూ టైర్ల మీద పండితుడే. ఒకడు వెడల్పువి వెయ్యమన్నాడు. వెడల్పు పెరిగితే రోడ్డుకు తగిలే రబ్బరూ, దాంతో మోతా పెరుగుతాయని వాడికెవరు చెప్పాలి? ద్వారకా నగర్‌లో ఏసీ షోరూంకు వెళితే, లోపల స్పాంజి అతికించిన టైర్లు చూపించారు. మోతను ఆ స్పాంజి మింగేస్తుందట. పంక్చరైతే అన్నాను. "మా దగ్గరికే తేవాలి మేడం, బయట వెయ్యలేరు" అన్నాడు టై కట్టుకున్నాయన. పోర్టు నుంచి తుక్కు లారీలు తిరిగే ఊళ్ళో రోడ్డు మీద ఇనుపముక్కలు వానకు మొలిచినట్టు ఉంటాయి. పంక్చరైన ప్రతిసారీ ఆయన టై చూడ్డానికి రావాలా? నమస్కారం పెట్టి బయటపడ్డాను.

చివరికి పాతూరులో ఒక టైర్ల షాపుకు బావను లాక్కెళ్ళాను. తాత కాలం నుంచి అదే వ్యాపారమట ఆ భాయ్‌ది. మా పాత టైరు విప్పించి, నా అరచేతిని దాని మీద ఇటు రాయమన్నాడు, నున్నగా ఉంది. అటు రాస్తే రంపం పళ్ళలా గీరుకుంది. "అలైన్‌మెంట్ ఎప్పుడు చేయించారు సాబ్? చక్రాలు వంకరగా తిరిగి ఇలా అరిగితే మోత పెడతాయి." అని బావను అడిగాడు. బావ పైన తిరిగే ఫ్యాన్ వైపు చూస్తున్నాడు. వినపడలేదో, విననట్టు నటించాడో నాకు తెలియలేదు. ఆయనతో కాపురంలో నన్ను ఎక్కువగా కాల్చింది ఈ తెలియకపోవడమే.

ఇంతలో ఆయనే లేచి, పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలున్న టైరు ఒకటి చూసి, పుచ్చకాయను కొట్టినట్టు అరచేత్తో చరిచాడు. "ఇదియ్. ఇనుములాగున్నాది." జీపులకు వేసే రకం. సిమెంటు మీద ఊళ పెట్టే రకం. "నీకు ఇనుము మీద మోజు ఇంకా తీరనేదా బావా?" అన్నాను. అది వినపడలేదు ఆయనకు.

నేనే ఏరాను. మధ్యలో తెగకుండా పోయే పట్టీ, పక్కల సన్న గీతలు, చిన్నాపెద్దా కలిసిన దిమ్మెలు. అన్నీ ఒకే సైజైతే ఒకే కూత కూస్తాయి. గోరు గుచ్చితే కాస్త దిగే మెత్తటి రబ్బరు. గోడౌన్లో మురిగి గట్టిపడ్డవి అంటగట్టకుండా పక్కనున్న తయారీ అంకెలూ చూశాను. నేను ఏది ముట్టుకుంటే దాన్నే పొగిడాడు భాయ్. "కళ్ళు మూసుకుని తీసుకెళ్ళండమ్మా, నా భరోసా" అన్నాడు. "కళ్ళు మూసుకున్నవాళ్ళ వల్లే నీ షాపు నిలబడింది భాయ్" అన్నాను. బిగించి, అలైన్‌మెంట్ చేసి ఇచ్చేదాకా పక్కనుంచి కదల్లేదు.

తిరుగుదారిలో కావాలనే పోర్టు గోడ పక్క రోడ్డు పట్టించాను. సిమెంటు ఎక్కాం. నిజం చెప్పాలి, కారు మారిపోయింది. డ్యాష్‌బోర్డులో దొర్లుతున్న రూపాయి బిళ్ళ చప్పుడు విన్నాను. ఆయన ఊపిరి విన్నాను. నాకు లోపల పండగలా ఉంది. అద్దంలోంచి బయటకు చూస్తూ, నోరు ఆయనకు కనపడకుండా, మామూలు గొంతుతో అన్నాను. "బావా, ఇంటికెల్లినాక సేపల పులుసెట్టనా?" చేపల పులుసంటే చెవి కోసుకునే మనిషి. ఉలకలేదు, పలకలేదు. ఇంకోసారి అన్నాను. లేదు.

దొరికాడు! భుజం తట్టి కారు ఆపమన్నాను. గోడ పక్కకు తీసి ఇంజన్ కట్టేశాడు. ఎదురుగా తిరిగి, ఒక్కో మాటా నమిలి చెప్పాను. "ఇప్పుడు టైర్లు తిరగట్నేదు. ఇంజనూ నేదు. ఇంకేటి వంక సెప్తావ్?"

ఆయన నా మీద జాలిపడ్డాడు. "ఆ భాయ్ నిన్ను ముంచీసినాడే. మోత అలాగే ఉన్నాది కదా."

"కారు ఆగిపోనాది బావా."

"ఆగితే? ఇంటికెల్లినా ఉంటాది. తొంగున్నా ఉంటాది. పొద్దున్న లేసినా ఉంటాది." నా మొహం చూసి ఆగాడు. "మరి నీకుండదా?"

అన్నేళ్ళూ నాతో అబద్ధమాడుతున్నాడని నేను తిట్టిన మనిషి, ఆ మోత అందరికీ అలాగే ఉంటుందని అనుకున్నాడు. తల అడ్డంగా ఊపాను. ఆయన తాళం తీసి నా ఒళ్ళో పెట్టాడు. పందెం గెలిచాను. ఆ గెలుపు ఎవరికి కావాలంటే వాళ్ళు పట్టుకుపోండి.

మిల్లు మోతకు ఆ చెవులు ఏనాడో పోయాయన్నాడు డాక్టరు. మిషన్ పెడితే మాటలు కొంత వినిపిస్తాయి, లోపలి హోరు మాత్రం పోదన్నాడు. బావ ఆయనతోనూ చెప్పాడు, టైర్లు మార్చినా తగ్గనేదండీ అని.

ఇప్పుడు నేనే నడుపుతున్నాను. గాజువాక వైపు వెళ్ళినప్పుడల్లా ఆ మిల్లు గేటు ముందు నుంచే పోవాలి. తుప్పు పట్టింది, తాళం వేసి ఉంది. అక్కడికి రాగానే హారన్ మీద చెయ్యి పెట్టి గేటు దాటేదాకా తియ్యను. వాచ్‌మన్ లేచి తిడతాడు. తిట్టనీ. బావ నా చెయ్యి చూస్తాడు, ఖాళీ రోడ్డు చూస్తాడు.

"ఎవులే అడ్డొచ్చినారు?" అంటాడు.

ఆయనకు కనపడేలా ఇటు తిరిగి చెబుతాను. "ఎవులూ రానేదు బావా."