ఫ్లోరీ అతికించిన రాగి చెవులు

బర్మింగ్‌హామ్‌లో మా పాలీన్ పిన్ని నడిపే టీకొట్టుకి వచ్చినవాళ్లందరూ ముందు టీ తాగుతారు. క్లిఫర్డ్ టాంక్స్ గారు మాత్రం ముందు సాసరు తిరగేస్తారు. అడుగున ఏ కంపెనీ ముద్ర ఉందో చూస్తేగాని ఆయనకి గుటక దిగదు. ఒకసారి గుడ్డు ఉందన్న సంగతి మరిచిపోయి పళ్లెమే తిరగేశారు.

"ప్యాంటు మీద పడ్డ ఆ పచ్చసొనకి కూడా ముద్ర ఉందేమో చూసుకో," అంది పిన్ని.

"నవ్వు పాలీన్, నవ్వు. ముందువైపు ఎవరైనా చూస్తారు," అన్నారాయన తుడుచుకుంటూ.

చాలా ఏళ్లు సిటీ బస్సు నడిపిన మనిషి. ఒకనాడు బస్సు సీట్ల సందులో సైనికుడి కోటు గుండీ ఒకటి దొరికింది. వెనక్కి తిప్పి చూస్తే చేసినవాళ్ల పేరు, వీధి పేరు. ఆ వీధిలోంచే రోజూ బస్సు తోలుతున్నారు. అక్కడ కార్లు నిలిపే ఖాళీ జాగా తప్ప ఏమీ లేదు. అంతమంది పనివాళ్లు, అన్ని మరలు ఎటుపోయాయని ఆయనకి బెంగ పట్టుకుంది. రిటైరయ్యాక ఇక అదే లోకం. సైన్యానికి టోపీ బ్యాడ్జీలు, కోటు గుండీలు చేసిపెట్టిన చిన్నా పెద్దా కంపెనీల చరిత్ర వెతకడం. లైబ్రరీలో పాత డైరెక్టరీలు తిరగేసేవారు. బస్టాపులో ముసలివాళ్లు కనబడితే, "మీ ఇంట్లో ఎవరైనా బ్యాడ్జీల పని చేశారా అండీ?" అని అడిగేసేవారు. భార్య పోయాక ఆయన ఇంట్లో బల్ల మీద, కిటికీల్లో, ఆఖరికి రొట్టెల డబ్బాలో కూడా గుండీలే.

నేను బడి మధ్యలో మానేసి పిన్ని కొట్టులో చేరాను. కొత్తవాళ్లతో నోరు పెగలదు. ఆయన నన్ను మాట్లాడమని ఎప్పుడూ బలవంతపెట్టలేదు. భూతద్దం చేతిలో పెట్టి, "నీ కళ్లు చురుకైనవమ్మాయ్, ఇక్కడేముందో చదువు," అనేవారు.

1992 వసంతంలో లైబ్రరీవాళ్లు ఆయన సేకరణ పెట్టడానికి ఒక అద్దాల బీరువా ఇచ్చారు. ఆ మాట విని ఎడ్నా స్ప్రాగ్ గారు కొట్టుకి వచ్చారు. ఎనభై దాటిన మనిషి. చేతిరుమాలు విప్పి ఒక ఇత్తడి టోపీ బ్యాడ్జీ బల్ల మీద పెట్టారు.

"మా అమ్మ ఫ్లోరీ హాకెట్ చేసింది. మొదటి యుద్ధంలో. పక్కవీధి పెరట్లో ఉన్న చిన్న కార్ఖానాలో, మేడ మీది గదిలో. నేను మధ్యాహ్నం అన్నం గిన్నె పట్టుకెళ్లేదాన్ని. దీని పక్కన ఆమె పేరు రాసిపెట్టు నాయనా. ఎక్కడా లేదు ఆమె పేరు. సమాధి మీద కూడా రాయించలేకపోయాం."

క్లిఫర్డ్ గారు బ్యాడ్జీ తిరగేశారు. ఆయన ముఖం మారింది.

"ఎడ్నా గారూ, దీని వెనక ఊరవతల పెద్ద ఫ్యాక్టరీ పేరుంది. మీరు చెప్పే పెరటివాళ్లది కాదు. వెనకున్న ముద్ర అబద్ధమాడదండీ."

"అయితే మా అమ్మ ఆడిందా?"

"అహ, నేననేది..."

"నువ్వనేది నాకు వినబడింది." ఆమె బ్యాడ్జీని మళ్లీ రుమాల్లో చుట్టేసుకున్నారు. టీ ముట్టకుండానే వెళ్లిపోయారు.

పిన్ని గుడ్డ విసిరికొట్టింది. "ఆవిడ నిన్ను అడిగిందేమిటి, కిరీటమా? ఒక్క పేరు!"

"తప్పు రాసి బీరువాలో ఎలా పెట్టను పాలీన్?" అన్నారాయన. కానీ తెచ్చిన శాండ్‌విచ్ అలాగే ఉండిపోయింది. మర్నాడూ అంతే.

ఎడ్నా గారు చెప్పిన ఆ పెరటి కార్ఖానాని అప్పుడు ఫ్లాట్లుగా మారుస్తున్నారు. పనివాళ్లకి మా కొట్టు నుంచే టీ వెళ్లేది. ఆ వారం నేను కేటిల్ పట్టుకుని బయల్దేరుతుంటే క్లిఫర్డ్ గారు కూడా వెంట వచ్చారు. మేడ మీది గదిలో నేల చెక్కలు ఊడదీస్తున్నారు. మేస్త్రీ ఆయన్ని చూసి, "పడిపోతావు తాతా, జాగ్రత్త. లంకెబిందెల కోసమా?" అన్నాడు.

"అంతకంటే మంచివాటి కోసమే," అంటూ ఆయన మోకాళ్ల మీద కూర్చున్నారు.

చెక్కల కింద బొగ్గుమసి లాంటి దుమ్ము. కిటికీ పక్క, ఒకప్పుడు పనిబల్ల ఉన్నచోట, ఏదో పచ్చగా చిలుమెక్కి కనబడింది. చెయ్యి పెట్టి తీశాను. ఎడ్నా గారిదాని లాంటి బ్యాడ్జీయే. ఇంకా తవ్వితే మరికొన్ని. టోపీకి తగిలించడానికి బ్యాడ్జీ వెనక రెండు రాగి చెవులు టంకం కరిగించి అతికిస్తారు. వీటిలో ఒకదానికి ఒక్క చెవే ఉంది. మిగతావాటికి అసలు లేవు. ముద్ర మాత్రం అన్నిటికీ ఉంది, ఆ పెద్ద ఫ్యాక్టరీదే.

భూతద్దం ఆయనకి ఇచ్చాను. చాలాసేపు చూశారు.

"చెవులు అతకకముందే పేరు ముద్ర వేసేశారు," అన్నాను నేను.

"అవునమ్మా. యుద్ధమప్పుడు పని ఎక్కువై ఫ్యాక్టరీవాళ్లు రేకు కొట్టి, పేరు ముద్ర వేసి, చెవుల పనికి ఇక్కడికి పంపేవాళ్లన్నమాట. వేళ్లు కాల్చుకున్నది వీళ్లు." ఆయన ఆ దుమ్ములోనే చతికిలబడ్డారు. "ఇన్నేళ్లుగా నేను యజమానుల పేర్లే చదువుతున్నాను."

మేస్త్రీ వాటిని తీసుకుపొమ్మని ఒక ఖాళీ డబ్బా ఇచ్చాడు.

అక్కణ్ణుంచి తిన్నగా ఎడ్నా గారింటికి వెళ్లాం. ఆమె తలుపు సగమే తీశారు.

"మళ్లీ ఏమిటి? మా నాన్న కూడా అబద్ధాలకోరేనా?"

"మీ అమ్మ నిజం చెప్పిందండీ. నేనే తప్పు చదివాను." ఆయన ఒంటిచెవి బ్యాడ్జీ ఆమె అరచేతిలో పెట్టి, ఎక్కడ దొరికిందో చెప్పారు. ఆమె బొటనవేలితో ఆ చెవిని తడిమారు. తర్వాత తలుపు పూర్తిగా తీశారు.

"కాళ్లు తుడుచుకుని రండి. బొగ్గుగని నుంచి వచ్చినట్టున్నారు ఇద్దరూ."

టీ పెట్టి, రొట్టె పుడ్డింగు కోసిచ్చారు. బీరువాలో పెట్టే చీటీ మీద ఏం రాయాలో ఆయన అడిగారు.

"'చెవులు అతికించింది ఫ్లోరీ హాకెట్' అని రాయి," అన్నారామె. రాశాక చీటీ తన వైపు తిప్పుకుని చదువుకున్నారు. "ఒక్కదాని పేరే రాస్తే అమ్మ ఊరుకోదు. బల్ల మీద ఇంకా ఉండేవాళ్లు. నెల్ అని ఒకావిడ, నాకు బెల్లం పాకంతో చేసిన మిఠాయి పెట్టేది. ఇంకొకావిడ ఎర్రజుట్టుది, పాటలు పాడేది. పేరు గుర్తు రావట్లేదు నాయనా."

"నెల్ ఇంటిపేరు?"

"ఏమో. చర్చి వెనక సందులో ఉండేవాళ్లు."

క్లిఫర్డ్ గారు కుర్చీ అంచుకి జరిగారు. తిని చాలా రోజులైన మనిషిలా పుడ్డింగు మొత్తం తినేసి, పళ్లెం ముందుకు చాపారు.

"ఇంకో ముక్క పెట్టండి ఎడ్నా గారూ. ఆ ఎర్రజుట్టావిడ ఏం పాటలు పాడేది, మొదటినుంచీ చెప్పండి."