డ్రైవుకు జాగా చూడటం

ఇంట్లో అందరి ఫొటోలూ వీడియోలూ ఒక్కచోట ఉండాలని పాత కంప్యూటర్‌ను ఫైల్ సర్వర్‌గా మార్చాను. పెద్ద డ్రైవు ఒకటి కొని వైరుతో వెనక తగిలించాను. ఆ సిస్టంలో అంతటితో పని తీరదు. డ్రైవును ఏదో ఒక ఖాళీ ఫోల్డర్‌కు జతచెయ్యాలి, దాన్నే మౌంట్ చెయ్యడం అంటారు. ఆ ఫోల్డర్ ఎక్కడ ఉండాలన్న దాని మీద ఇంటర్నెట్‌లో పెద్ద పెద్దవాళ్ళే జుట్లు పట్టుకుంటున్నారు. నేనూ అందులో దూరాను. ముక్కూ మొహం తెలియని వాళ్ళతో వారాల తరబడి వాదించాను. పెళ్ళి సంబంధం కూడా ఇంత నిదానంగా చూడలేదు.

మా ఇంట్లో అమ్మను అవ్వ అనీ, నాన్నను బాపు అనీ అంటాం. అవ్వకు కావలసింది మాత్రం ఒక్కటే. మెట్‌పల్లిలో ఉండే అమ్మమ్మ ఆ వానాకాలంలోనే పోయింది. ఆమె పాడిన బతుకమ్మ పాటలు ఆమె పాత ఫోన్లో తప్ప ఇంకెక్కడా లేవు. ఆ ఫోను బ్యాటరీ ఉబ్బిపోయి ఉంది.

"జర ఆ పాటలు ఎక్కియ్‌రా, ఫోను సచ్చేటట్టున్నది" అని రోజూ పోరేది.

"ఆగవ్వా, ముందుగాల జాగా ఖరారు గావాలె."

"పాటలు వెట్టెతందుకు గుడ ముహూర్తం జూస్తవా?"

దసరా ముందర ఎట్టకేలకు 'ఇల్లు' అని ఒక ఫోల్డర్ పెట్టి డ్రైవును దానికి జతచేశాను. ఘనకార్యమే.

మాది సాంచాల ఇల్లు. దసరా నాడు బాపు ఆ మరమగ్గాలన్నీ బంద్ పెట్టి, కడిగి, బొట్లు పెడతాడు. కరెంటుతో నడిచేదేదైనా ఆయన లెక్కలో సాంచానే. ఆ పొద్దు నా సర్వర్‌ను కూడా ఆపి, డ్రైవు ఊడదీసి, పూజలో బంతిపూల కింద పెట్టాడు. నాకు తెలియదు. జమ్మి పంచి వచ్చి, కంప్యూటర్ ఆన్ చేసి, అమ్మమ్మ పాటలన్నీ 'ఇల్లు'లోకి పంపాను. పూర్తయిందని వచ్చింది. మర్నాడు బాపు డ్రైవును తెచ్చి మళ్ళీ వైరుకు తగిలించాడు. కరెంటు పోయి వచ్చింది, కంప్యూటర్ దానంతటదే లేచింది.

ఆ వారంలోనే ఫోను చచ్చింది.

"ఏదీ, మా అవ్వ పాట వినిపియ్యి" అంది అవ్వ. గొప్పగా 'ఇల్లు' తెరిచాను. దసరా ముందర ఎక్కించిన ఫొటోలున్నాయి, పాటలు లేవు. మళ్ళీ మళ్ళీ వెతికాను. అవ్వ తిట్టినా బాగుండేది. లేచి వంటింట్లోకి పోయింది. నాకు ఏడుపొచ్చింది.

"మంచి జాగనే జూసినవ్ బిడ్డా" అన్నాడు బాపు.

పోయిన ఫైళ్ళు తీసే దుకాణం కరీంనగర్‌లో ఉందంటే అక్కడికి తీసుకుపోదామని డ్రైవును విడదీశాను. ఇప్పుడు 'ఇల్లు' ఖాళీగా ఉండాలి. ఎందుకో తెరిచి చూస్తే పాటలన్నీ అక్కడున్నాయి! అప్పుడు చూశాను, డ్రైవు మీద ఎండిన కుంకుమ.

"పూజల వెట్టిన గదా, బొట్టు కనవడ్తలేదా?" అన్నాడు బాపు.

డ్రైవు లేనప్పుడు పంపిన పాటలు కంప్యూటర్ సొంత డిస్కులోనే పడ్డాయి. తర్వాత డ్రైవు వచ్చి, కింద ఉన్న సామాను మీద చాప పరిచినట్టు వాటిని కప్పేసింది. ఇంత చర్చలో ఎవడూ నాకు ఈ సంగతి చెప్పలేదు. నేనూ అడగలేదనుకోండి.

అవ్వను పిలిచి వినిపించాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అన్నీ వింది. చివరి పాట సగంలో అమ్మమ్మకు దగ్గు వచ్చింది. "ఇగ సాలు బిడ్డా, మిగిలింది రేపు పాడుత" అంది. అంతే, రికార్డింగు అక్కడ ఆగిపోయింది.

"మిగిలింది నీకు వస్తదా అవ్వా?"

"రాకేం?" అని అవ్వ అందుకుంది. రెండు చరణాలయ్యేసరికి కుక్కర్ కూత పెట్టింది. "మిగిలింది రేపు పాడుత తియ్" అంటూ లేవబోయింది.

నేను ఉరికిపోయి పొయ్యి బంద్ చేసి వచ్చి, నా ఫోన్లో రికార్డింగు ఆన్ చేసి ఆమె ముందు పెట్టాను.

"రేపు గాదవ్వా. గిప్పుడే పాడు."