జేబులో పెట్టుకున్న మూత

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఇది. చిన్నప్పుడంటే నిక్కరు వేసుకుని గోళీలాడిన రోజులు అనుకోకండి. అప్పటికి నాకు యాభై రెండేళ్లు. నెత్తి మీద సగం జుట్టు రాలిపోయింది, కాలువల ఆఫీసులో గుమాస్తాని. అయినా చిన్నప్పుడనే అంటాను. నేను టెలిస్కోపు పట్టి అప్పటికి రెండేళ్లు కూడా నిండలేదు, ఆ విద్యలో నాకింకా పాలపళ్లే. పైగా ఆ రోజు నేను చేసిన పని యాభై రెండేళ్లవాడు చేయవలసింది కాదు.

విజయవాడలో అప్పట్లో ఈ ఆకాశం పిచ్చి పట్టినవాళ్లం యాభై మందిమి ఉండేవాళ్లం. ఇలా రాశానో లేదో, మా ఆవిడ భుజం మీదుగా చూసి ఒక సున్నా కొట్టేయమంది. ఐదుగురం. నెలకో ఆదివారం ఎవరో ఒకరి పెరట్లో చేరేవాళ్లం. నక్షత్రాల కోసమని పైకి చెప్పుకునేవాళ్లం గానీ, అసలు పని ఎవరి టెలిస్కోపు గొప్పదో తేల్చుకోవడం. ఒకాయన బోరుకు వేసే ప్లాస్టిక్ పైపులో అద్దం బిగించుకొచ్చేవాడు. ఇంకొకాయన దానికి పాత టేపురికార్డరు మోటారు తగిలించి, అది భూమితోపాటు దానంతటదే తిరుగుతుందని చెప్పి, తిరగనప్పుడు కరెంటును తిట్టేవాడు. సంతలో ఎద్దు పళ్లు చూసినట్టు ఒకరి గొట్టంలోకి ఒకరం వంగి వంగి చూసి, బాగానే ఉందంటూ పెదవి విరిచేవాళ్లం.

మా అందరికీ గురువు అద్దాల సాయిబు గారు. వన్ టౌన్‌లో ఒక సందులో నలభై ఏళ్లుగా కళ్లజోళ్ల అద్దాలు అరగదీస్తున్న మనిషి. డెబ్బై దాటినా చేతులు వణకలేదు. మా టెలిస్కోపుల్లో అద్దాలన్నీ ఆయన చేతి మీద తయారైనవే. నా అద్దం మాత్రం నేనే ఆరు నెలలు కూర్చుని అరగదీశానని, అది ఎనిమిది అంగుళాలదని వీధంతా చెప్పుకున్నాను. కూర్చున్న మాట నిజం. అరగదీసింది ఆయన, నేను పక్కన కూర్చుని టీలు తాగాను. అంగుళాలు కూడా ఆరే. ఆయన ఏనాడూ నలుగురిలో నా మాటకు అడ్డు చెప్పలేదు.

నా టెలిస్కోపుకు సోఫా కుట్టగా మిగిలిన ఎర్ర రెగ్జిన్ చుట్టించాను. అన్నిటికంటే నాకు ముద్దు దాని ఫైండరు. పెద్ద గొట్టం పక్కన బిగించే చిన్న గొట్టాన్ని ఫైండరంటారు. పెద్దదాన్ని ఆకాశంలో ఎటు తిప్పాలో ముందు అందులో చూసుకుంటాం. నాది ఇత్తడిది. మచిలీపట్నంలో పాత ఓడ సామాన్లు అమ్మే ఒకాయన దగ్గర కొని, చింతపండు పెట్టి రోజూ తోమేవాణ్ణి. దానికి సాయిబు గారే ఒక మాత్రల డబ్బా నల్లమూత తెచ్చి, లోపల గుడ్డ అంటించి, బిగుతుగా పట్టేలా చేసి ఇచ్చారు.

రెండువేల నాలుగు జూన్‌లో శుక్రుడు సూర్యుడి ముందు నుంచి నల్లచుక్కలా దాటిపోయే రోజు వచ్చింది. మా జీవితాల్లో ఎవరం చూడనిది. ఎవరి పెరట్లో వాళ్లం జనానికి చూపించాలని అనుకున్నాం. సాయిబు గారు ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పారు. సూర్యుణ్ణి చూపించేటప్పుడు పెద్ద గొట్టం మూతికి సూర్యుడి వెలుగును ఆపే ఫిల్ము కట్టాలి, చిన్న గొట్టానికి మూత పెట్టాలి, ఆ రెండూ చేత్తో తడిమి చూసుకున్నాకే మనుషుల్ని పిలవాలి. ఫిల్ము లేని గొట్టంలో కన్ను పెడితే సూర్యుడు కంటిని కాల్చేస్తాడు. నాకు ఇదంతా తెలుసన్నట్టు తలూపాను.

గుణదలలో మా పెరట్లోకి ఆ రోజు మూడు వందల మంది వచ్చారు. మా ఆవిడ ఇక్కడ కూడా సున్నా తీసేయమంటుంది. పావు తక్కువ పదకొండు నుంచీ వరసలో నిలబెట్టి చూపించాను. ఒక్కొక్కరూ పెద్ద గొట్టంలోకి చూసి, ఇంతేనా శుక్రుడంటే, మిరియపు గింజంత ఉన్నాడే అంటుంటే, ఆ గింజ మన భూమంత ఉంటుందని చెప్పి వాళ్ల మొహాలు చూసి మురిసిపోయాను.

మధ్యాహ్నం మూడున్నర దాటాక పక్కింటి అమ్మాయి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. ఇంట్లో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. భర్త ఇబ్రహీంపట్నం కరెంటు ప్లాంటులో కాంట్రాక్టు పనివాడు. బళ్లు తెరిచే రోజులు కావడంతో యూనిఫారాలు గుట్టలు పడి ఉన్నాయి. అయినా నా మాట తీసేయలేక ఐదు నిమిషాలు తీరిక చేసుకుని వచ్చింది. సూర్యుడు పడమటికి వాలడంతో గొట్టం కూడా వాలి, ఫైండరు సరిగ్గా ఆమె కంటి ఎత్తుకు వచ్చింది. చిన్నదే చూడటానికి వీలుగా కనిపించింది కాబోలు, కుడికన్ను దానికి ఆనించి, వెంటనే వెనక్కి అడుగేసింది.

"నాకేం కనపడలేదు బాబాయి గారూ. కళ్లు బైర్లు కమ్మాయి," అంది.

"సూర్యుడంటే మాటలా అమ్మా. మొదటిసారి అందరికీ అంతే," అని నవ్వాను. వరసలో ఉన్నవాళ్లూ నవ్వారు. ఆమె కన్ను నలుపుకుంటూ వెళ్లిపోయింది. ఆ రోజు ఫైండరుకు మూత పెట్టడం మర్చిపోయాను.

నాలుగింటికి సాయిబు గారు తన పెరటి ప్రదర్శన ముగించుకుని ఆటోలో వచ్చారు. సూర్యుణ్ణి చూడలేదు, నేను ముస్తాబు చేసిన గొట్టాన్నీ చూడలేదు. తిన్నగా ఫైండరు దగ్గరికి వెళ్లి నా చెయ్యి పట్టుకుని దాని వెనక పెట్టారు. మూడు లెక్కపెట్టేలోగా తేలు కుట్టినట్టయి చెయ్యి లాక్కున్నాను.

"ఇందులో ఎవరైనా కన్ను పెట్టారాండీ?" అని మెల్లగా అడిగారు.

"లేదండీ," అన్నాను.

"మూతేదండీ?"

చొక్కా జేబులోంచి తీసి ఇచ్చాను. ఆయన బిగించి, వరసలో చివర నిలబడ్డారు.

ఆ సాయంత్రం నుంచి పక్కింట్లో మిషను చప్పుడు ఆగిపోయింది. మా గోడకు ఆనుకునే ఆ మిషను ఉంటుంది. పొద్దున్నే ఆ టకటకతోనే మాకు తెల్లవారేది. మర్నాడు కాఫీ తాగుతూ చెవి గోడకేసి పెట్టి కూర్చున్నాను. లేదు. నూనె వేసుకుంటోందేమో అనుకున్నాను. సాయంత్రమూ లేదు. బెల్టు తెగిందేమో, పుట్టింటికి వెళ్లిందేమో అని నాకు నేనే కారణాలు కుట్టుకున్నాను. ఆఫీసులో కాలువల లెక్కలు చూస్తుంటే అంకెల మధ్య తెల్లటి మచ్చ కనిపించినట్టయ్యేది. ఒక కన్ను మూసి, రెండోది మూసి, నా కళ్లు నేనే పరీక్షించుకునేవాణ్ణి. మూడో రోజు మా ఆవిడ, "పక్కింట్లో మిషను ఆగింది, విన్నారా?" అంది. విననట్టు పేపరు తిప్పాను. ఆ పేపరులో ఏముందో ఇప్పటికీ తెలియదు. గోడ పక్కన ఎవరో తల్లి వచ్చి యూనిఫారం ఎప్పుడిస్తావని గొడవ పెట్టుకోవడం, ఆ అమ్మాయి ఇంకో రెండు రోజులండీ అని బతిమాలడం మాత్రం స్పష్టంగా వినిపించింది.

చెప్పులేసుకుని వన్ టౌన్ వెళ్లాను. సాయిబు గారి కొట్టు ముందు చాలాసేపు అటూ ఇటూ తిరిగాక, ఫైండరులో కన్ను పెట్టినవాళ్లు ఒకరున్నారని చెప్పాను. ఆయన చేతిలో ఉన్న అద్దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టారు. మనవడి పుస్తకంలోంచి ఒక గళ్ల కాగితం చించి, కొట్టు మూసి, నాతో బయల్దేరారు. ఆటోలో తిట్టి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఆ అమ్మాయి అరుగు మీద కూర్చుని ఉంది. ఒళ్లో నీలం లంగా, చేతిలో సూది. సాయిబు గారు కాగితం మధ్యలో చుక్క పెట్టి ఇచ్చి, ఎడమకన్ను మూసుకుని ఆ చుక్కనే చూడమన్నారు.

"గీతలన్నీ తిన్నగా ఉన్నాయామ్మా?"

"చుట్టూ ఉన్నయ్యండీ. మధ్యలో వంకరపోతన్నాయి. చుక్క కనపడట్లేదు. సూది కూడా అంతేనండీ, ఎటు చూస్తే అటు మాయమైపోతంది."

వంకరపోయిన చోట ఆయన పెన్సిలుతో గీయించారు. చింతగింజంత వచ్చింది. ఆమె భర్త గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "మా ఇల్లు గడిచేది ఆ మిషను మీదేనండీ," అన్నాడు, ఎవరితో అన్నాడో తెలియకుండా. తప్పు నాదేనని, ఫైండరుకు మూత పెట్టడం మర్చిపోయానని చెప్పాను. అతను, "మతిమరుపు ఎవరికైనా ఉండేదేలెండి," అన్నాడు. కంటి డాక్టరు దగ్గరికి సాయంత్రం తీసుకువెళతానని చెప్పి బయటికి వచ్చాను. గుండెల మీంచి బస్తా దించినట్టయింది.

మెట్ల దగ్గర సాయిబు గారు ఆగారు. "మర్చిపోయిన మనిషి మూత కోసం వెతుక్కుంటాడండీ. మీరు వెతకలేదు," అన్నారు. నా మొహంలోకి చూడకుండా గొడుగు సర్దుకుంటూ అన్నారు. "నేనిక్కడే ఉంటాను."

ఇంతవరకూ మీతో కూడా మర్చిపోయాననే చెప్పాను. మర్చిపోలేదు. పొద్దున పెట్టాను. నల్లమూత పెట్టగానే నా ఇత్తడి ఫైండరు మొహం మాడినట్టు అయింది. జనం వచ్చే వేళకు తీసి జేబులో వేసుకున్నాను. ఎవరూ చిన్నదాంట్లో చూడరులే అనుకున్నాను.

మళ్లీ ఆ మెట్లెక్కాను. మూత అందం కోసమే తీశానని చెప్పాను. ఆ అమ్మాయి భర్త ఒక్క అడుగు ముందుకు వేశాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది. ఆమె చెయ్యెత్తి అతన్ని ఆపి, నన్ను ఒకటే అడిగింది.

"నేను బైర్లు కమ్మాయన్నప్పుడే మీకు తెలిసిందా బాబాయి గారూ?"

తెలియలేదని చెప్పడానికి నోరు తెరిచాను. అలవాటైన నోరు కదా. ఆమె ఎడమకన్ను నన్ను చూస్తోంది, కుడికన్ను నా మీద నిలవలేక పక్కకు జారుతోంది.

"తెలిసింది," అన్నాను. "అందరి ముందూ చిన్నతనమవుతుందని నవ్వేశాను."

ఆమె లంగా మడిచి లోపలికి వెళ్లింది. డాక్టరు దగ్గరికి నాతో రాలేదు, భర్తతోనే వెళ్లింది. కన్ను లోపల కాలిన మచ్చ పడిందని, దీనికి మందు లేదని, దానంతటదే మానితే మానవచ్చని, మానకపోతే అంతేనని డాక్టరు చెప్పాడట. ఆ మాట మాకు సాయిబు గారి ద్వారా తెలిసింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే మా ఆవిడ నన్నేమీ అడగకుండా పక్కింటికి వెళ్లి యూనిఫారాల మూట తెచ్చింది. బొత్తాలు, అంచులు తను కుట్టింది. నేను ఆఫీసుకు వెళ్లేముందు పాతిక సూదులకు దారం ఎక్కించి, దూది దిండుకు గుచ్చి, ఆ అమ్మాయికి అందేలా పెరటి గోడ మీద పెట్టి వచ్చేవాణ్ణి. మొదటి వారం దిండు వెనక్కి వచ్చేది కానీ మాట వచ్చేది కాదు. సాయిబు గారు ప్రతి ఆదివారం గళ్ల కాగితంతో వచ్చేవారు. వాటిని నేను వరసగా దాచేవాణ్ణి. చింతగింజ కందిగింజ అయింది. రెండు వారాలు కందిగింజ దగ్గరే ఆగిపోయింది. ఆ రెండు వారాలూ నేను గోడకు చెవి ఆనించడానికి కూడా భయపడ్డాను. శ్రావణం వెళ్లాక ఒక ఆదివారం పెన్సిలు గీత చిన్నదై ఆవగింజంత అయింది. మర్నాడు తెల్లవారుజామున టకటక వినిపించింది. కొంచెం తడబడుతూ, ఆగి ఆగి. మంచం మీంచి లేవకుండా వింటూ పడుకున్నాను. నా పక్కన మా ఆవిడ కూడా మేలుకునే ఉంది.

మరుసటి ఏడు సూర్యుడి మీద మచ్చలు చూపించడానికి మళ్లీ జనాన్ని పిలిచాను. పిలవనన్నాను గానీ సాయిబు గారు ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి వచ్చి వరసలో నిలబడకుండా టెలిస్కోపు పక్కన నిలబడింది. "ఇదిగో, ఈ చిన్నదాని దగ్గరికి ఎవరూ వెళ్లమాకండి. నేను కన్ను పెట్టి మూడు నెలలు సూది చూడలేకపోయాను. ఈయన నిర్వాకమే," అని నన్ను చూపించింది. అందరూ నా వైపు తిరిగారు. ఏదో ఒక చమత్కారం చేసి తప్పించుకోవాలని నాలిక దురద పెట్టింది. అవునన్నాను. అప్పటి నుంచి ఎప్పుడు జనాన్ని పిలిచినా ముందు ఆమె మాట్లాడుతుంది, ఆ తర్వాతే నేను.

ఆ ఆవగింజ ఇప్పటికీ పోలేదు. అది ఇక పోదు. ఆమె సూదికి దారం ఎక్కించేటప్పుడు తల కాస్త ఎడమకు వంచుతుంది. తెలియనివాళ్లకు అదొక అలవాటులా కనిపిస్తుంది. ఏదైనా పని మీద వాళ్లింటికి వెళ్లినప్పుడు ఆమె సూది పట్టుకుని ఉంటే, దారం ఎక్కేదాకా గుమ్మంలోనే నిలబడతాను. ఎక్కిన తర్వాతే పలకరిస్తాను.