ఆముదంలో తుమ్మ దిమ్మ

మొన్న మా పాప తలకు రాద్దామని ఆముదం సీసా మూత తీశాను. ఆ వాసనకు గోదావరిఖనిలో మేమున్న క్వార్టరు గుర్తొచ్చింది.

అప్పుడు అమ్మ కాన్పుకని దవాఖానలో ఉంది. నాయిన గని డ్యూటీ దిగాక, ఇంటి వెనక రేకుల కింద కట్టెను గిరగిరా తిప్పే పాత లేత్ మిషన్ మీద మంచం కోళ్లు చెక్కేవాడు. పుట్టబోయే బిడ్డ తొట్టెలకు కోళ్లు చెక్కాలనుకున్న వారమే మిషన్ బేరింగు అరిగిపోయింది.

"గీ సైజు ఇప్పుడు రాదన్నా," అన్నాడట దుకాణపాయన.

బేరింగు బదులు బిగిద్దామని నాయిన తుమ్మ దిమ్మకు రంధ్రం తొలిచి, ఖాళీ ఆవకాయ జాడీలో ఆముదం పోసి నానబెట్టాడు.

"పది దినాలు నానాలె బిడ్డా. ముట్టకు," అని చెప్పి డ్యూటీకి పోయాడు.

పక్కింటి అవ్వ అన్నం పెట్టి పోయాక ఇంట్లో నేనొక్కదాన్నే. రోజూ ఆ దిమ్మను బయటికి తీసి, నానిందా అని గోటితో గిచ్చి చూసి, మళ్లీ వేసేదాన్ని.

తొమ్మిదో రోజు అమ్మ ఉత్త చేతులతో వచ్చింది. నేను ముట్టినందుకే దిమ్మ నానలేదని, తొట్టెల లేదని తెలిసే బిడ్డ రాలేదని అనుకున్నాను.

మర్నాడు నాయిన దిమ్మను తుడిచి మిషన్‌కు బిగించాడు. స్విచ్ వేస్తే మెత్తగా తిరిగింది. కట్టె పెట్టకుండానే దాన్ని తిరగనిచ్చి, చూస్తూ నిలబడ్డాడు.

"మంచిగనే నానింది," అన్నాడు.

మరి బిడ్డ ఎందుకు రాలేదని అడగబోయి ఆగిపోయాను. ఖాళీగా తిరిగే ఆ మిషన్ ముందు నాయిన అడుగుతున్నదీ అదేనని ఇప్పుడు తెలుస్తోంది.