మంచు పడ్డాకే చెప్పే కథలు

ఎండాకాలం మిషిగన్‌లో ఒక బస్ స్టేషన్‌లో కనిపించిందామె. ఆ నేల మీద మొదటినుంచీ ఉన్న జాతి మనిషి, నా ఈడుదే. ఒళ్లో ఫోన్ పెట్టుకుని దాని వంక బెదురుగా చూస్తోంది. ఏమైందని నా కోడలు స్వాతి చేత అడిగించాను.

“మెమరీ పోతోందని డాక్టర్ చెప్పారట అత్తయ్యా. వాళ్ల అమ్మమ్మ కథలు ఇప్పుడు ఈమెకొక్కదానికే వచ్చు. రికార్డ్ చేయమని మనవరాలు ఫోన్ ఇచ్చిందట. కానీ వాళ్ల ఆచారం ప్రకారం ఆ కథలు నేల మీద మంచు ఉన్నప్పుడే చెప్పాలట.”

“అప్పటిదాకా గుర్తుంటాయా, అడుగమ్మా.”

“అదే భయమట.”

ఆమె చెయ్యి పట్టుకున్నాను. బస్సు రాగానే ఆమె ఒక్క మాటా రికార్డ్ చేయకుండానే ఫోన్ సంచిలో వేసుకుని ఎక్కేసింది.

మొదటి మంచు పడిన పొద్దున ఆమే గుర్తొచ్చింది. స్వాతిని ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేయమని చెప్పి, మా నాయనమ్మ చెప్పిన ఏడుగురు అక్కచెల్లెళ్ల కథ మొదలుపెట్టాను. ఆరు పేర్లు గడగడా చెప్పి ఆగిపోయాను.

“ఏడో ఆవిడ ఎటు వెళ్లిపోయింది అత్తయ్యా?” అని నవ్వింది స్వాతి.

బస్ స్టేషన్‌లో ఆమె చూసినట్టే నేనూ ఆ ఫోన్ వంక బెదురుగా చూశాను.