కుడి మణికట్టు

కూర్మన్నపాలెం జంక్షన్‌లో స్టీలు ప్లాంటు బస్సు కోసం మాతో పాటు నిలబడే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. సైకిలు తప్ప ఏ బండీ నడపడం రాదు. కానీ ఫోనులో స్పీడ్‌వే అనే బైకు రేసులు చూస్తూ, గాలిలో కుడి మణికట్టు తిప్పి యాక్సిలరేటర్ ఇస్తూ, ప్రపంచంలోని రైడర్లందరికీ మార్కులు వేసేవాడు.

"ఈ బళ్లకి బ్రేకులుండవు బావా. మగోడికి బ్రేకెందుకు?" అనేవాడు.

ఒకసారి మట్టి ట్రాక్ మలుపులో ఓ రైడర్ జారి పడ్డాడు. స్ట్రెచర్ మీద మోసుకుపోతుంటే మేమంతా ఫోను మీదకి వంగిపోయాం. ఈయన మాత్రం టీ ఊదుకుంటూ తీర్పు చెప్పాడు.

"బండి మంచిదే బావా, నడిపినోడే పనికిరాడు. అంత ఖర్సెట్టి ఇంజను సేయించి ఈడికిచ్చినారేటి!"

ఆ రోజు నుంచి ఆ మణికట్టు కదిలితే చాలు, నాకు ఒళ్లు మండేది.

తర్వాత కొండ అవతల యారాడలో తోటి ఉద్యోగి పెళ్లికి వెళ్తూ ఆయన నా బండి వెనక ఎక్కాడు. కొండ దిగే దారిలో ఆటోలు కూడా మమ్మల్ని దాటిపోతున్నాయి. అయినా మొదటి మలుపులోనే నా భుజాలు రెండూ పట్టేసుకుని, చెప్పులు రోడ్డుకి రాస్తూ కేకలు మొదలెట్టాడు.

"బ్రేకెయ్ బావా, బ్రేకెయ్! నాను దిగిపోతాను!"

పెళ్లి పందిరి ముందు దిగాక, అరిగిన చెప్పులు చూసుకుని, ఎదురొచ్చిన మావాళ్లతో అన్నాడు.

"బండి మంచిదే బావా, నడిపినోడే పనికిరాడు."

కుడి చెయ్యి ఇంకా వణుకుతూనే ఉంది. ఆ వణుకునే యాక్సిలరేటర్ తిప్పినట్టు తిప్పేశాడు.